హార్డ్ డిస్క్ చెప్పి పోతుందా, చెప్పకుండా పోతుందా?

మా ఇంట్లో డెస్క్‌టాప్ కంప్యూటర్ ఒకటి ఉంది. ఒక వేసవిలో దానికి కొత్త జబ్బు పట్టుకుంది. మిగతా పనులన్నీ బాగానే చేసేది, ఫోటోల ఫోల్డర్ తెరిస్తే మాత్రం బిగుసుకుపోయేది. మౌస్ కదిలేది, తెర మీద ఇంకేదీ కదిలేది కాదు. అర నిమిషం తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ పనిచేసేది.

బాగుచేసే షాపులో అడిగితే "డిస్క్ పోతోందండీ, కొత్తది వేయించుకోండి" అన్నారు. మా బాబాయి "ముందు కేబుల్ మార్చి చూడరా, ఊరికే డబ్బులు తగలెయ్యకు" అన్నాడు. ఆఫీసులో స్నేహితుడేమో "ఫార్మాట్ కొట్టెయ్, అంతా సెట్ అయిపోతుంది" అన్నాడు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లే. ఒక్కో డిస్క్ విషయంలో ఒక్కొక్కరి మాట నిజమవుతుంది కూడా. అందుకే అంత అయోమయం.

ఈ అయోమయం ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. పాత కంప్యూటర్లలోని ఫైళ్లను కొత్తవాటిలోకి మార్చుకునే పని పడింది. ఏళ్ల తరబడి ఎవరూ తెరవని ఫోల్డర్లను డిస్క్ మొదటి నుంచి చివరి దాకా చదవాల్సి వచ్చేది అప్పుడే, దాగి ఉన్న లోపాలు బయటపడేదీ అప్పుడే.

డిస్క్ పోయేముందు సూచనలు ఇస్తుందా? ఇస్తే వాటిని ఎంత నమ్మవచ్చు? ఈ రెండో ప్రశ్నే కష్టమైనది. అక్కడికి వెళ్లాలంటే ముందు డిస్క్ లోపల ఏముందో చూడాలి.

## గుండ్రటి పళ్లేలు, వాటి మీద ఎగిరే హెడ్‌లు

హార్డ్ డిస్క్ డబ్బా లోపల అద్దంలా నున్నగా మెరిసే గుండ్రటి పళ్లేలు ఉంటాయి. వీటినే ప్లాటర్లు అంటారు. వాటి పైపూత మీద అయస్కాంత గుర్తుల రూపంలో మన డేటా ఉంటుంది. డెస్క్‌టాప్ డిస్కుల్లో చాలావరకు నిమిషానికి 7200 సార్లు, ల్యాప్‌టాప్ డిస్కుల్లో ఎక్కువగా 5400 సార్లు పళ్లేలు తిరుగుతాయి. 7200 అంటే సెకనుకి 120 చుట్లు. పెద్ద డిస్కులో పళ్లెం అంచు దగ్గర లెక్కేస్తే అది గంటకి దాదాపు 130 కిలోమీటర్ల వేగం.

ఆ వేగంతో తిరిగే పళ్లెం మీద చదివే, రాసే హెడ్ ఆనుకోదు. పళ్లెంతో పాటు తిరిగే గాలి పొర మీద, కొద్ది నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. మన తలవెంట్రుక మందం 80 వేల నుంచి లక్ష నానోమీటర్ల దాకా ఉంటుంది. ఆ లెక్కన హెడ్‌కి, పళ్లేనికి మధ్య దుమ్ము కణం కూడా దూరేంత చోటు లేదు. డిస్క్ డబ్బాను ఇంట్లో స్క్రూడ్రైవర్‌తో విప్పకూడదని అనడానికి కారణం ఇదే.

డేటాను డిస్క్ చిన్న చిన్న గదులుగా పంచుకుంటుంది. ఒక్కో గదిని సెక్టార్ అంటారు. పాత డిస్కుల్లో ఒక సెక్టార్‌లో 512 బైట్లు పట్టేవి, 2010 తర్వాత వచ్చినవాటిలో ఎక్కువగా 4096 బైట్లు. ప్రతి సెక్టార్ చివర డిస్క్ తన కోసం కొంత అదనపు సమాచారం రాసుకుంటుంది. చదివింది సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి, చిన్న తప్పులుంటే దిద్దుకోవడానికి అది పనికొస్తుంది. ఈ దిద్దుబాటు నిరంతరం జరుగుతూనే ఉంటుంది. అంటే ఆరోగ్యంగా ఉన్న డిస్క్ కూడా చదివేటప్పుడు తడబడుతుంది, మన దాకా తెలియనివ్వదు. దిద్దుకోలేనంత తప్పు వచ్చినప్పుడే మనకి కష్టం.

కాబట్టి "డిస్క్ పోయింది" అనే ఒక్క మాట వెనక కనీసం మూడు వేర్వేరు సంగతులున్నాయి. పళ్లెం పైపూత అక్కడక్కడా పాడవడం ఒకటి. హెడ్, మోటార్, బేరింగ్ లాంటి కదిలే భాగాలు అరగడం రెండోది. కింద ఉండే పచ్చ రంగు సర్క్యూట్ బోర్డు కాలిపోవడం మూడోది. మొదటిది చాలాసార్లు నెమ్మదిగా ముదురుతుంది. రెండోది తరచుగా చప్పుడు చేస్తుంది. మూడోదానికి ముందు సూచన అంటూ దాదాపు ఏమీ ఉండదు. నిన్న పనిచేసింది, ఇవాళ లేదు. అంతే.

## స్లో అవడం: ఏ నెమ్మది మామూలు, ఏది కాదు

కంప్యూటర్ స్లో అవడానికి వంద కారణాలుంటాయి. హార్డ్ డిస్క్ ఉన్న విండోస్ కంప్యూటర్ ఆన్ చేసిన కొత్తలో టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం అని కనిపించడం మామూలే. అప్‌డేట్లు దిగుతుంటాయి, యాంటీవైరస్ వెతుకుతుంటుంది. ఆ 100ని చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు.

పట్టించుకోవాల్సింది దాని పక్కనున్న అంకెలను. డిస్క్ 100 శాతం పనిలో ఉంది, కానీ చదివిన వేగం మాత్రం సెకనుకి కొన్ని కేబీలే, స్పందన సమయం వేల మిల్లీసెకన్లు అని కనిపిస్తే అది వేరే కథ. డిస్క్ కష్టపడుతోంది, చేతికేమీ రావడం లేదు.

ఎందుకలా? 5400 చుట్ల డిస్కునే తీసుకుందాం. ఒక్క చుట్టుకి దాదాపు 11 మిల్లీసెకన్లు. మంచి సెక్టార్ ఒక్క ప్రయత్నంలో చదవడం అయిపోతుంది. బలహీనమైన సెక్టార్ దగ్గర చదివింది తప్పని తేలితే, పళ్లెం మళ్లీ ఒక చుట్టు తిరిగి అదే చోటు హెడ్ కిందకి వచ్చే దాకా ఆగి మళ్లీ చదవాలి. అలా 500 సార్లు ప్రయత్నిస్తే ఒక్క సెక్టార్ దగ్గరే ఐదున్నర సెకన్లు. పక్కపక్కనే అలాంటివి ఓ ఆరు ఉంటే అర నిమిషం. మా ఫోటోల ఫోల్డర్ దగ్గర జరిగిందీ ఇలాంటిదే.

ఇంట్లో వాడే డిస్కులను ఇలా చివరిదాకా పట్టు వదలకుండా ప్రయత్నించేలా తయారు చేస్తారు, ఎందుకంటే ఆ డేటా ఇంకెక్కడా ఉండకపోవచ్చు. చాలా డిస్కులను కలిపి వాడే సర్వర్ల కోసం తయారు చేసేవి దాదాపు 7 సెకన్లలో చేతులెత్తేస్తాయి, పక్క డిస్కులోంచి తీసుకోవచ్చు కాబట్టి. అందుకే ఇంటి కంప్యూటర్‌లో "ఎప్పుడూ ఒకే ఫోల్డర్ దగ్గర, ఒకే ఫైల్ దగ్గర ఆగిపోవడం" అనేది మామూలు నెమ్మది కంటే చాలా బరువైన సూచన. అన్నిచోట్లా నెమ్మదిగా ఉంటే కారణం ఎక్కడైనా ఉండొచ్చు. ఒకేచోట ఆగితే ఆ చోటునే అనుమానించాలి.

## టక్ టక్, గరగర, సన్నటి కీచు

పళ్లెం మీద మన డేటాతో పాటు హెడ్‌కి దారి చెప్పే గుర్తులు ఫ్యాక్టరీలోనే రాసి ఉంటాయి. రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్ల లాంటివి. వాటిని చదవలేకపోతే హెడ్ తానెక్కడుందో తెలుసుకోలేదు. మొదటికి వెళ్లి మళ్లీ వెతుకుతుంది. లయగా, ఆగకుండా వచ్చే "టక్... టక్... టక్" అనేది ఆ వెళ్లి రావడం తాలూకు చప్పుడు. హెడ్ పాడైనప్పుడు ఇది ఎక్కువగా వినిపిస్తుంది.

గరగరమని గీసుకుంటున్నట్టు వస్తే హెడ్ పళ్లేన్ని తాకుతోందని అర్థం. అన్నిటిలోకీ చెడ్డ చప్పుడు ఇది. తాకిన ప్రతి చుట్టుకీ పైపూత లేచిపోతుంది, లేచిన పొడి మరో చోట గీరుతుంది. ఈ చప్పుడుతో డిస్కును ఆన్‌లో ఉంచిన ప్రతి నిమిషం డేటా రికవరీ వాళ్లకి మిగిలేది తగ్గుతుంది. ఇక సన్నటి కీచుతో మోటార్ తిరగబోయి ఆగిపోతుంటే, హెడ్ పళ్లేనికి అతుక్కుపోయి ఉండొచ్చు, బేరింగ్ పట్టేసి ఉండొచ్చు.

అయితే ప్రతి చప్పుడూ జబ్బు కాదు. పని లేనప్పుడు హెడ్ పక్కకి తప్పుకుని కూర్చునేటప్పుడు ఒక్క టక్ వినిపించడం సహజం. ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. యూఎస్‌బీ తీగతోనే కరెంటు తీసుకునే చిన్న ఎక్స్‌టర్నల్ డిస్కులు, కరెంటు చాలకపోయినా ఇలాగే టక్కుమంటాయి. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వగలిగింది 500 మిల్లీఆంపియర్లు. మోటార్ మొదట తిరగడానికి అంతకంటే ఎక్కువే కావాల్సి రావచ్చు. పొడవాటి నాసిరకం కేబుల్ ఉంటే అదీ అందదు. కాబట్టి ఎక్స్‌టర్నల్ డిస్క్ విషయంలో మా బాబాయి మాట కొన్నిసార్లయినా వినదగ్గదే.

షాపుల్లో సీసీ కెమెరాల డీవీఆర్‌లో డిస్క్ రాత్రింబగళ్లు తిరుగుతూనే ఉంటుంది. అది ఎక్కడో అటక మీద ఉంటుంది, దాని చప్పుడు వినే మనిషి ఉండడు. దొంగతనం జరిగి రికార్డింగ్ కావాల్సిన రోజే అది ఎప్పుడో ఆగిపోయిందని తెలిసే పరిస్థితి రావడానికి కారణం ఇదే.

## ఫోటో సగం బూడిద రంగు

ఫోన్‌లో తీసిన 4 ఎంబీ ఫోటో అంటే దాదాపు వెయ్యి సెక్టార్లు. అందులో ఒక్కటి చదవలేకపోయినా ఫోటో అసలు తెరుచుకోకపోవచ్చు, లేదా పై సగం బాగుండి కింది సగం బూడిద రంగులో కనిపించవచ్చు. ఫోల్డర్ల పట్టిక ఉన్న సెక్టార్ పోతే నష్టం ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. ఫోల్డరే మాయమవుతుంది, లేదా డిస్క్ పెట్టగానే విండోస్ "వాడాలంటే ఫార్మాట్ చేయాలి" అని అడుగుతుంది. చూసేవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. నిజానికి చాలాసార్లు లోపల ఫోటోలు అలాగే ఉంటాయి, వాటి చిరునామా పుస్తకం ఒక్కటే చినిగి ఉంటుంది.

ఇదే గుర్తు వేరే కారణాలతోనూ వస్తుంది. పెన్‌డ్రైవ్‌లా ఎక్స్‌టర్నల్ డిస్కును చటుక్కున పీకేయడం, వైరస్, ర్యామ్ లోపం కూడా ఫైళ్లను పాడు చేస్తాయి. ఒకసారి జరిగితే అనుమానం, మళ్లీ మళ్లీ కొత్త ఫైళ్లకి జరిగితే సూచన.

## డిస్క్ రాసుకునే డైరీ: స్మార్ట్ అంకెలు

డిస్క్ తన తప్పులను తానే లెక్కపెట్టుకుంటుంది. ఈ పద్ధతి పేరు స్మార్ట్. 1990లలో ఐబీఎం, కాంపాక్ లాంటి కంపెనీలు విడివిడిగా మొదలుపెట్టినవి కలిసి ఉమ్మడి ప్రమాణం అయింది. విండోస్‌లో క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో, లినక్స్‌లో స్మార్ట్‌మోన్‌టూల్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు ఈ డైరీని చదివి చూపిస్తాయి. ఎక్స్‌టర్నల్ డిస్కుల యూఎస్‌బీ డబ్బాలు కొన్ని మాత్రం ఈ అంకెలను బయటికి పంపవు.

పట్టికలో ఇరవై ముప్ఫై వరుసలుంటాయి. వాటిలో నిజంగా చూడాల్సినవి కొన్నే.

5వ నంబరు వరుస రీఅలొకేటెడ్ సెక్టార్లు. పెళ్లి భోజనాల్లో విస్తరి చినిగితే వేయడానికి కొన్ని విస్తళ్లు అదనంగా పెట్టుకుంటాం కదా, డిస్కులోనూ అలాగే ఫ్యాక్టరీలో కొన్ని సెక్టార్లు అదనంగా ఉంచుతారు. ఒక సెక్టార్ పాడైందని తేలితే డిస్క్ దాని బదులు అదనపుది వాడుకుంటుంది. అలా ఎన్ని మార్చిందో ఈ అంకె చెబుతుంది.

197వ వరుస కరెంట్ పెండింగ్ సెక్టార్లు. ఇక్కడ కరెంట్ అంటే విద్యుత్తు కాదు, "ప్రస్తుతం" అని. డిస్క్ చదవలేకపోయిన, కానీ పాడైందని ఇంకా తేల్చుకోని సెక్టార్లివి. అనుమానితుల జాబితా అన్నమాట. 198 దానికి దగ్గరి చుట్టం, డిస్క్ తీరిక వేళల్లో తనను తాను పరీక్షించుకుని చదవలేకపోయినవి. 187 దిద్దలేక కంప్యూటర్‌కి "నా వల్ల కాలేదు" అని చెప్పిన సందర్భాలు. 188 కంప్యూటర్ అడిగిన పని గడువులోగా పూర్తికానివి.

వీటికి భిన్నంగా 199 ఉంటుంది. డిస్కుకి, మదర్‌బోర్డుకి మధ్య ప్రయాణంలో డేటా చెడిన సందర్భాలవి. 199 పెరుగుతూ 5, 197 సున్నాగా ఉంటే తప్పు చాలావరకు కేబుల్‌ది. కేబుల్ మార్చాక ఆ అంకె తగ్గదు, పెరగడం ఆగిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే చోట్లు మూడున్నాయి. మొదటిది, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో మామూలుగా ఈ అంకెలను మన లెక్కలో కాక పదహారు ఆధారంగా ఉండే లెక్కలో చూపిస్తుంది. అక్కడ 18 అని ఉంటే మన లెక్కలో 24. సెట్టింగ్‌లో మార్చుకోవచ్చు. రెండోది, 4096 బైట్ల సెక్టార్లున్న కొన్ని డిస్కులు లెక్కను పాత 512 బైట్ల కొలతలోనే చెబుతాయి. అలాంటి డిస్కులో 24 అంటే నిజంగా మూడే సెక్టార్లు. మూడోది, సీగేట్ డిస్కుల్లో 1వ వరుస కోట్లలో కనిపిస్తుంది. అది ఆ కంపెనీ లెక్క రాసే తీరు, భయపడాల్సింది కాదు.

వీటన్నిటికంటే పెద్ద పొరపాటు మరొకటి. కంప్యూటర్ మొత్తంగా "స్మార్ట్ స్థితి: ఓకే" అని చూపిస్తే డిస్క్ బాగుందని అనుకోవడం. ప్రతి వరుసకీ కంపెనీ ఒక మార్కు ఇస్తుంది, అది 100 దగ్గరో 200 దగ్గరో మొదలై లోపాలు పెరిగేకొద్దీ దిగుతుంది. ఫెయిల్ గీత ఎక్కడో కిందుంటుంది. ఉదాహరణకి 100 నుంచి మొదలైన మార్కు 36కి దిగితేనే ఫెయిల్ అనుకోండి, 40 దగ్గర ఉన్న డిస్క్ కూడా "ఓకే" అనే చెబుతుంది, ఈలోగా వందల సెక్టార్లు పోయి ఉండొచ్చు. కంపెనీల వైపు నుంచి చూస్తే దీనికి కారణం ఉంది. గీతను పైన పెడితే బాగున్న డిస్కులు కూడా వారంటీకి వెనక్కి వస్తాయి. వాళ్లు తప్పుడు హెచ్చరికలకి భయపడ్డారు, మనం రాని హెచ్చరికలకి భయపడాలి.

## ఫార్మాట్ కొడితే నిజంగా బాగవుతుందా?

మా స్నేహితుడి మాటకి వద్దాం. "ఫార్మాట్ చేశాక సంవత్సరం నుంచి బ్రహ్మాండంగా నడుస్తోంది" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు.

ఒక సెక్టార్ చదవడానికి వీలుకాకపోవడానికి రెండు కారణాలుండొచ్చు. పళ్లెం మీద ఆ చోటు నిజంగా పాడైంది, లేదా చోటు బాగానే ఉంది, అక్కడ రాసింది సగంలో ఆగింది. రెండోది ఎలా జరుగుతుందంటే, సెక్టార్ రాస్తుండగా కరెంటు పోవడం వల్ల. యూపీఎస్ లేని ఇంట్లో, వేసవిలో, కరెంటు పోతూ వస్తూ ఉండే రోజుల్లో ఇది ఊహ కాదు. కరెంటు పోగానే డిస్క్ తనను తాను కాపాడుకునే తీరు అద్భుతంగా ఉంటుంది. ఇంకా తిరుగుతున్న పళ్లేల ఊపునే కరెంటుగా మార్చుకుని, ఆ కాస్త శక్తితో హెడ్‌లను సురక్షితమైన చోటికి లాక్కుంటుంది. హెడ్ బతుకుతుంది, కానీ సగం రాసిన సెక్టార్ సగంగానే మిగలొచ్చు. దాని చివర ఉండే సరిచూసుకునే సమాచారం డేటాతో కలవదు. తర్వాత చదివినప్పుడు డిస్క్ దాన్ని అనుమానితుల్లో చేరుస్తుంది.

ఇప్పుడు ఫుల్ ఫార్మాట్ చేస్తే విండోస్ డిస్క్ అంతా సున్నాలు రాస్తుంది. విస్టా నుంచి ఇదే పద్ధతి. క్విక్ ఫార్మాట్ ఇలా చేయదు, పట్టికను మాత్రం కొత్తగా రాస్తుంది. అనుమానిత సెక్టార్ మీద కొత్తగా రాశాక డిస్క్ దాన్ని పరీక్షించి తేల్చుకుంటుంది. చోటు బాగుంటే అనుమానితుల జాబితాలోంచి తీసేస్తుంది. 197 సున్నాకి వస్తుంది, 5 పెరగదు. చోటు పాడైతే అదనపు సెక్టార్ వాడుతుంది. 197 సున్నాకి వస్తుంది, 5 పెరుగుతుంది.

మొదటి సందర్భంలో ఫార్మాట్ నిజంగానే నయం చేసింది. రెండో సందర్భంలో లక్షణాన్ని దాచింది. బయటికి రెండూ ఒకలాగే ఉంటాయి, కంప్యూటర్ చకచకా నడుస్తుంది. ఆ రెండంకెలు చూసినవాళ్లకే తేడా తెలుస్తుంది. రెండిట్లోనూ సమానమైన సంగతి ఒకటుంది: పాత డేటా పోయింది.

ఒక్కసారి చూసిన అంకె కంటే దాని నడక ఎక్కువ చెబుతుంది. ఊహకి రెండు డిస్కులు అనుకుందాం. ఒకదానిలో 5వ వరుస జనవరిలో 16, మార్చిలో 16, జూన్‌లోనూ 16. రెండోదానిలో అవే నెలల్లో 0, 8, 136. మొదటిది ఎప్పుడో తగిలిన దెబ్బకి మచ్చ కావచ్చు. రెండోది పాకుతున్న జబ్బు.

## సూచన కనిపిస్తే ఎంత ప్రమాదం? లెక్క వేసి చూద్దాం

"నిప్పు లేనిదే పొగ రాదు" అంటారు. డిస్కుల్లో అప్పుడప్పుడు నిప్పు లేకుండా పొగ వస్తుంది, చాలాసార్లు పొగే లేకుండా కాలిపోతుంది.

2007లో గూగుల్ పరిశోధకులు పిన్హెరో, వెబర్, బరోసో తమ కంపెనీలోని లక్షకు పైగా డిస్కుల చరిత్రను ప్రచురించారు. డిస్క్ అంతటినీ చదివి చూసే స్కాన్‌లో మొదటి తప్పు కనిపించిన డిస్క్, తప్పు లేని డిస్కుతో పోలిస్తే, వచ్చే 60 రోజుల్లో పోయే అవకాశం 39 రెట్లు ఎక్కువని తేలింది. మొదటి రీఅలొకేషన్ తర్వాత 14 రెట్లు. అంటే సూచనకి బలం ఉంది. కానీ అదే పత్రంలో మరో మాట ఉంది. పోయిన డిస్కుల్లో 56 శాతం, బలమైనవని తేలిన నాలుగు సూచనల్లో ఒక్కటి కూడా చూపకుండానే పోయాయి.

బ్యాకప్ సేవలు అమ్మే అమెరికా కంపెనీ బ్యాక్‌బ్లేజ్ 2016లో తన లెక్క చెప్పింది. పైన చెప్పుకున్న 5, 187, 188, 197, 198 వరుసల్లో కనీసం ఒకదానిలో సున్నా కాని అంకె పోయిన డిస్కుల్లో 76.7 శాతానికి ఉంది. బాగా నడుస్తున్నవాటిలో 4.2 శాతానికి ఉంది. గూగుల్ లెక్కకీ దీనికీ తేడా ఎందుకంటే డిస్కులు వేరు, కాలం వేరు, చూసిన సూచనలూ పూర్తిగా ఒకటి కావు. రెండూ ఒప్పుకునేది మాత్రం ఒకటే: చెప్పకుండా పోయేవి కొద్దిపాటివి కావు.

ఈ శాతాలను మన ఇంటి ప్రశ్నగా మారుద్దాం. వెయ్యి డిస్కులున్నాయి, ఏడాదిలో వందకి రెండు పోతాయి అనుకుందాం (ఇది లెక్క కోసం తీసుకున్న అంకె). అంటే 20 పోతాయి, 980 మిగులుతాయి. పోయే 20లో 76.7 శాతం, అంటే దాదాపు 15 ముందే సూచన చూపుతాయి, 5 చూపవు. మిగిలే 980లో 4.2 శాతం, అంటే దాదాపు 41 కూడా సూచన చూపుతాయి. మొత్తం సూచన ఉన్నవి 56, వాటిలో పోయేవి 15. నాలుగింట ఒకటి కంటే కాస్త ఎక్కువ.

సూచన ఉన్న డిస్కుల్లో ఎక్కువ భాగం ఆ ఏడాది బతుకుతాయి. అందుకే "నాది రెండేళ్ల నుంచి కాషన్ (జాగ్రత్త) అనే చూపిస్తోంది, ఏమీ కాలేదు" అనేవాళ్లు అంతమంది. వాళ్ల అనుభవం నిజమే. కానీ ఏమీ తెలియనప్పుడు యాభైలో ఒకటిగా ఉన్న ప్రమాదం, సూచన కనిపించాక నాలుగులో ఒకటైంది. ఇక సూచన లేని 944లో పోయేవి 5, దాదాపు రెండు వందల్లో ఒకటి. తక్కువే, సున్నా కాదు. ఆ రెండు వందల్లో ఒకటి మన పిల్లల చిన్నప్పటి ఫోటోలున్న డిస్క్ కాదని ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు.

పెద్ద డేటా సెంటర్లలో ప్రతి డిస్కుకీ ఇంకో నకలు ఉంటుంది కాబట్టి అక్కడ మొదటి సూచనకే తీసేయాలా, ఇంకొన్నాళ్లు వాడాలా అన్నది డబ్బు లెక్క. మూడొంతుల డిస్కులు ఇంకా నడిచేవే అయినప్పుడు తొందరపడి పారేయడం వృథా అనే వాదనలో బలం ఉంది. ఇంట్లో నకలు లేని చోట ఆ వాదన నిలవదు. నకలు ఉంటే ఇంట్లోనూ నిలుస్తుంది. కాబట్టి ఈ తగవు నిజానికి డిస్క్ గురించి కాదు, రెండో కాపీ ఉందా లేదా అన్నదాని గురించి.

డిస్క్ వివరాల పత్రంలో కంపెనీలు సగటు ఆయుష్షుగా రాసే "10 లక్షల గంటలు" అనే మాట కూడా ఇక్కడే తేల్చుకోవచ్చు. 10 లక్షల గంటలంటే 114 ఏళ్లు. ఒక్క డిస్క్ 114 ఏళ్లు నడుస్తుందని కాదు, 114 డిస్కులు ఏడాది నడిస్తే ఒకటి పోవచ్చని దాని అర్థం. అంటే ఏడాదికి 0.88 శాతం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన ష్రోడర్, గిబ్సన్ 2007లో అసలు వాడకంలో ఏడాదికి మార్చిన డిస్కులను లెక్కిస్తే మామూలుగా 2 నుంచి 4 శాతం, కొన్నిచోట్ల 13 శాతం దాకా తేలింది.

## వేడి మీద రెండు మాటలు

వేడి డిస్కును చంపుతుందని అందరూ నమ్ముతారు. గూగుల్ పత్రం ఆ నమ్మకాన్ని కదిలించింది, బాగా ఎక్కువ వేడి దగ్గర తప్ప, వేడికీ డిస్కులు పోవడానికీ వాళ్లకి గట్టి సంబంధం కనిపించలేదు. తర్వాత మైక్రోసాఫ్ట్, వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో తమ డేటా సెంటర్లలో చూస్తే సంబంధం గట్టిగానే కనిపించింది. రెండూ ఏసీలున్న చోట్ల కొలతలు. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో, ఫ్యాన్‌కి దుమ్ము పట్టిన కేబినెట్‌లో ఉన్న డిస్క్ పరిస్థితి ఆ పత్రాల్లో లేదు. చాలా డిస్కులకి కంపెనీలు చెప్పే పై హద్దు 60 డిగ్రీలు. 194వ వరుసలో ఆ చుట్టుపక్కల అంకె కనిపిస్తే ఏ పత్రం గెలిచిందన్న చర్చ మనకి అనవసరం.

## ఎస్‌ఎస్‌డీ ఉన్నవాళ్లకి

పళ్లేల బదులు చిప్‌లలో డేటా దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగేది ఏదీ లేదు, కాబట్టి టక్ టక్ ఉండదు. రాసిన కొద్దీ లోపలి చిప్‌లు అరుగుతాయి, ఎంత అరిగాయో స్మార్ట్‌లో శాతంగా కనిపిస్తుంది. కొన్ని చివరి దశలో రాయడం ఆపేసి చదవడానికి మాత్రం అనుమతిస్తాయి. కొన్ని ఒక్కసారిగా కనిపించడమే మానేస్తాయి. గూగుల్ తన ఎస్‌ఎస్‌డీల మీద 2016లో ప్రచురించిన పత్రం ప్రకారం హార్డ్ డిస్కులతో పోలిస్తే వీటిని మార్చాల్సిన అవసరం తక్కువ పడింది, కానీ దిద్దలేని తప్పులు మాత్రం ఎక్కువ వచ్చాయి. మొదటి నాలుగేళ్లలో 20 నుంచి 63 శాతం ఎస్‌ఎస్‌డీలు అలాంటి తప్పు కనీసం ఒకటి చూశాయి.

## ముందు పరీక్షా, ముందు కాపీయా

అనుమానం వచ్చిన డిస్క్ మీద విండోస్‌తో పాటే వచ్చే చెక్‌డిస్క్ నడపమని చాలామంది చెబుతారు, వద్దని అంతే గట్టిగా చెప్పేవాళ్లూ ఉన్నారు. చెక్‌డిస్క్ ఫోల్డర్ల పట్టికలను దిద్దుతుంది. పాడైంది పట్టిక ఒక్కటే అయితే, డిస్క్ ఆరోగ్యంగా ఉంటే, అది మేలు చేస్తుంది. కానీ బ్యాడ్ సెక్టార్లు వెతకమంటే డిస్క్ అంతా చదువుతుంది, బలహీనమైన చోట్ల వందలసార్లు ప్రయత్నిస్తుంది, దొరికినదాన్ని బట్టి పట్టికలను అదే డిస్క్ మీద తిరగరాస్తుంది. హెడ్ చివరి గంటల్లో ఉంటే ఆ గంటలు దీనికే ఖర్చవుతాయి.

రికవరీ చేసేవాళ్ల దారి వేరు. లినక్స్‌లో డీడీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అది ముందు తేలిగ్గా వచ్చేదంతా ఇంకో డిస్కులోకి తీసుకుంటుంది, మొండికేసిన చోట్లను దాటేసి చివర్లో వాటి దగ్గరికి వస్తుంది. పరీక్షలో తెలిసిన జవాబులు ముందు రాసి, కష్టమైనవి చివరికి ఉంచినట్టు. పాడైనవాటితో కుస్తీ పట్టే లోపే బాగున్నది బయటపడుతుంది. గరగర, టక్ టక్ వినిపించే డిస్కుకి ఇది కూడా పనికిరాదు, అక్కడ ఏ సాఫ్ట్‌వేర్ నడిపినా హెడ్ కదలాల్సిందే కదా. ఇక డిస్కును ఫ్రీజర్‌లో పెట్టాలనే పాత చిట్కా వల్ల లోపల తేమ చేరి పళ్లెం మీద మంచు పడొచ్చు. కొద్ది నానోమీటర్ల ఎత్తులో ఎగిరే హెడ్‌కి అది కొండ.

మా డిస్కులో 197 దగ్గర 18 కనిపించింది, అంటే 24, అంటే మూడు సెక్టార్లు. 198 కూడా అంతే. 5 సున్నా, 199 సున్నా. బాబాయి చెప్పిన కేబుల్ కాదని అక్కడే తేలింది. మొత్తం ఇంకో డిస్కులోకి కాపీ చేశాం, మూడు ఫైళ్లు తప్ప అన్నీ వచ్చాయి. ఆ తర్వాత ఫుల్ ఫార్మాట్ చేస్తే 197 సున్నాకి వచ్చింది, 5 సున్నాగానే ఉంది. ఫోన్‌లోంచి ఫోటోలు ఎక్కిస్తుండగా ఆ వేసవిలో కరెంటు పోయిన సందర్భాలు అప్పుడు గుర్తొచ్చాయి. స్నేహితుడు చెప్పినట్టు ఫార్మాట్‌తో బాగైంది. షాపులో చెప్పినట్టు కొత్త డిస్క్ కొన్నాం, ఇప్పుడు రెండిట్లోనూ ఒకే ఫోటోలున్నాయి. రాని మూడు ఫైళ్లలో ఒకటి మా అమ్మమ్మ మనవరాలికి జడ వేస్తున్న ఫోటో. ఫోన్‌లోంచి అప్పటికే తీసేశాం.